పదకొండూ ఇరవై నుంచి పన్నెండు దాకా

తరాజు చెప్పిన మొదటి పెద్ద నిజాన్ని పొల్లు కింద చెరిగేసింది నేనే. అందుకు కలమూ కాగితమూ కూడా అక్కర్లేకపోయింది. తెర మీద ఆ వరసను వేలితో నొక్కిపట్టి పక్కకు ఈడ్చాను. పోయింది.

మార్చి రెండో వారం. ఎర్రబండ సైనిక శిక్షణ కేంద్రంలో మాకిచ్చిన రేకుల గదిలో ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. నా దగ్గర పనిచేసే ఇలియాస్ ఆదోనివాడు. యంత్రాలతో బాగా మాట్లాడతాడు, మనుషులతో ఇంకా బాగా మాట్లాడతాడు.

"మేడమ్, మన తరాజుకు ఎండదెబ్బ తగిలినట్టుండాది. ఒకసారి ఇట్ల రాండి" అన్నాడు.

తక్కెడ అనే అర్థంలో తరాజు అని పేరు పెట్టుకున్న ఈ లెక్కల యంత్రాన్ని నేను తయారుచేసిన కారణం చిన్నది. రిక్రూట్లకిచ్చే తొంభై ఆరు రోజుల కఠిన శిక్షణను డెబ్బై రోజులకు కుదించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ గంట ఉంచాలి, ఏ గంట తియ్యాలి అని అడిగితే పదిమంది ఆఫీసర్లు పది మాటలు చెప్పారు. పరుగు నేర్పేవాడు పరుగన్నాడు, ఈత నేర్పేవాడు ఈతన్నాడు. అందుకని పదకొండు కేంద్రాల పంతొమ్మిదేళ్ల దినచర్య రిజిస్టర్లు, ఆసుపత్రి కాగితాలు, సరిహద్దులో ఎవరెలా బతికారు, ఎలా పోయారు అన్న వివరాలు, అన్నీ తెచ్చి తరాజుకు మేపాను. ఇప్పటి రిక్రూటు ఛాతీ మీద ఒక పట్టీ అంటిస్తాం. అది వాడి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఒంటి వేడి ఎంతో చెబుతుంది. దాన్ని పట్టుకుని తరాజు వాడికొక నీడను తయారుచేసి, ఆ నీడ చేత ముందు బతకబోయే బతుకును లక్షసార్లు బతికించి చూస్తుంది.

"ముందు ఈ గౌరీసు నీడను చూడండి" అన్నాడు ఇలియాస్. గౌరీసు ఆ బ్యాచిలోని రెండు వందల నలభై మందిలో ఒకడు. పార్వతీపురం అవతల కొండల నుంచి వచ్చాడు. తెర మీద వాడి నీడ చెట్టులా కొమ్మలు వేసింది. "ఈత తీసేస్తాండా." వెయ్యి కొమ్మల్లో ముప్పై ఒకటి ఏవో వాగుల దగ్గర నల్లబడిపోయాయి. ఈత తిరిగి పెట్టగానే వాటిలో చాలావరకు పచ్చబడ్డాయి. తరాజు ఆ కొమ్మలన్నిటినీ కొసల నుంచి మొదలు దాకా మడుచుకుంటూ వచ్చి, ఈత గంటకు ఇంత బరువు అని అంకె వేసింది.

"ఇంతవరకు బుద్ధిగానే ఉండాది. ఇప్పుడు చూడండి, అన్నిటికంటే బరువైన గంట ఏదంటాదో."

ఎర్రబండ కేంద్రం. కవాతు రోజులు. పదకొండూ ఇరవై నుంచి పన్నెండు దాకా. ఆయుధ శుభ్రత.

ఆ నలభై నిమిషాలు తీసేస్తే పదేళ్లకు ఐదు ప్రాణాలు పోతాయని తరాజు చెప్పింది. ఎండదెబ్బ వల్ల. మిగతా పది కేంద్రాల్లో అదే తుపాకీ తుడిచే పనికి సున్నా వేసింది.

మా పెద్దాఫీసరు బ్రిగేడియర్ చలపతి గారిది కృష్ణా జిల్లా. నవ్వినా, తిట్టినా ఒకే గొంతు. ఆయన వచ్చి కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు. "తుపాకీ తుడిస్తే ఎండదెబ్బ తగలదా? ఈ ముక్క ఢిల్లీలో చదివానంటే ముందు నన్ను తుడిచేస్తారమ్మా గంగరత్నా."

ఇలియాస్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక్కచోటే కనబడే వింత అంకె చాలాసార్లు దుమ్మే అవుతుందని నాకు చదువు నేర్పింది. అదొక కారణం. రెండో కారణం పైకి చెప్పలేదు. ఎర్రబండ రిజిస్టర్లలో ఆ వరస రాసిన దస్తూరి మా నాయనది. ఈ కేంద్రంలో శిక్షణ సుబేదారు ఆయన. పేరు బీరప్ప, గొర్రెలు కాసిన ఇంటి మనిషి. మా నాయన తుపాకులు తుడిపించి ప్రాణాలు కాపాడాడని ఆయన కూతురి యంత్రం చెబితే నవ్వేవాళ్ల ముందు ఎట్లా తలెత్తుకోవాలి? అందుకే వేలితో ఈడ్చేశాను. ఎర్రబండలో ఎండదెబ్బ చావులు లేకపోవడానికి ఇంకో కారణం వెతుక్కోమన్నాను. కొంత ఇక్కడి పొడిగాలి, కొంత అలవాటు అని తరాజు ఏదో వెతుక్కుంది. యంత్రానికి ఉన్నదాన్ని చెరిపేస్తే, మిగిలిన దాని మీదే ఆనుకుంటుంది.

*

కొత్త దినచర్య ఏప్రిల్ ఒకటిన గోడకెక్కింది. ఆ సాయంత్రం క్వార్టర్సుకు పోయేసరికి నాయన సంగటి ముద్ద ముందు పెట్టుకుని చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు.

"పాపా, పదకొండూ ఇరవై తీసేసినారే."

"అవును నాయనా. ఆ టైములో అడ్డంకుల పందెం పెట్టినాము."

"తరాజు తూచిందా?"

"తూచింది."

"దానికి బరువు ల్యాదనిందా?"

నేను మంచినీళ్ల చెంబు అందుకున్నాను. "ల్యాదు నాయనా."

"నువ్వు దగ్గరుండి చూసినావు గదా?"

"చూస్తి."

ఆయన నన్ను కాసేపు చూశాడు. నేను పదో తరగతిలో జిల్లాకు మొదటిదాన్నైనప్పుడు మార్కుల కాగితాన్ని అట్లాగే చూశాడు, చదవకుండా, వేళ్లతో తడుముతూ. "అట్లయితే సరే. మాకేం తెలుస్తాది, కండ్లతో చూసి చెప్పేవాళ్లం" అన్నాడు.

మా అమ్మ లింగమ్మ ఊరిబిండి నూరుతూ తలెత్తింది. "యాల మొగం అట్ల పెట్టుకున్యావు? తింటావా, కుక్కకెయ్యాల్నా?"

"ఏంల్యాదు లే. ఇన్నేండ్లు ఉత్త పని చేస్తిమే అని."

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఏం పని నాయనా అని ఒక్క ప్రశ్న అడగాల్సింది. జీతం తీసుకునేది ప్రశ్నలు అడగడానికే. ఆరు నెలల పాటు జనరల్ దగ్గర్నుంచి వంటవాడి దాకా నాలుగొందల మందిని కూర్చోబెట్టి ఏ గంట ఎంత విలువైందని అడిగాను. మా ఇంట్లో అన్నం తినే మనిషిని అడగలేదు.

*

ఏప్రిల్ పంతొమ్మిది. ఇరవై రెండు కిలోమీటర్ల కవాతు. మేం రేకుల గదిలో తెర ముందున్నాం. రెండు వందల నలభై చుక్కలు గుట్టల మధ్య చీమల బారులా పోతున్నాయి. అన్నీ పచ్చగానే ఉన్నాయి. పదకొండూ ఇరవైకి, పాత దినచర్య ప్రకారం ఆగాల్సిన పెద్ద గుండు రాయి దగ్గర ఆ బారు ఆగలేదు. అడ్డంకుల పందెంలోకి దిగిపోయింది. నేను గడియారం చూసుకుని, అనుకున్నదానికంటే ముందే ఉన్నామని సంతోషపడ్డాను కూడా.

పన్నెండూ ఆరుకు ఒక చుక్క ఎర్రబడింది. పట్టీ మోగింది. మోగుతుండగానే గౌరీసు గోడ మీద నుంచి జారి కింద పడ్డాడు. ముందు పరుగెత్తింది మా నాయన. యాభై దాటిన మనిషి వాణ్ని భుజానేసుకుని బండ్లదాకా మోశాడు. నీళ్లు పోశారు, మంచు పెట్టారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మూడో రోజు పొద్దున గౌరీసు పోయాడు.

ఛాతీ మీద పట్టీ ఒంటి వేడిని పసిగట్టేసరికి తల లోపల అప్పటికే కాలిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. "అంతకుముందే తెలియాలంటే, పక్కనున్నవాడు వాడి మొహం చూడాలమ్మా" అన్నాడు.

ఆసుపత్రి వరండాలో చెన్నకేశవులు కూర్చుని ఉన్నాడు. గౌరీసుకు జోడీ. ఇక్కడ రిక్రూట్లను మొదటిరోజే ఇద్దరిద్దరిగా కలుపుతారు. జోడీలు కలిసే తింటారు, కలిసే నడుస్తారు.

"నాకు ముందే అనుమానమొచ్చింది మేడమ్" అన్నాడు నేల చూస్తూ. "పదకొండు దాటినాక, ఏమ్రా ఎట్లుండావు అంటే, మా అక్క పిలస్తంది, నానెల్తాను అన్నాడు. వాళ్లక్క ఆడ యాడుంది? నిలబడదామంటే ముందర పందెం. టైము పోతే ఇద్దరికీ మార్కులు కట్. అయినా పాతబ్యాచీవాళ్లు చెప్పినారు, గుండు కాడ సుబేదార్ సాబ్ కూచోబెట్టి అడుగుతాడు, అప్పుడు చెప్పొచ్చులే అనుకుంటి. ఆడ నిలపనేల్యా."

"ఏం అడుగుతాడు?"

వాడు నన్ను వింతగా చూశాడు. "మీకు తెల్దా మేడమ్? మీరు సాబ్ బిడ్డే గదా!"

*

నాయన పెద్ద గుండు నీడలో ఉన్నాడు. గుండు పక్కన నేలంతా చదునుగా, నున్నగా ఉంది. పంతొమ్మిదేళ్లుగా మనుషులు కూర్చుని కూర్చుని అరిగిన నేల అది. నేను పుట్టి పెరిగింది ఈ గుట్టల కిందే. ఎన్నడూ ఇటు వచ్చి చూడలేదు.

"ఈడ ఎప్పుడూ తుపాకీ తుడవల్యా గదా నాయనా."

"ల్యా."

"మరి రిజిస్టర్లో?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను నాయక్‌గా ఉన్నప్పుడు ఒక మేజర్ సాబ్ ఉండె. నడక మధ్యన కూచోబెడితే సోమరితనమని, విశ్రాంతి అనే మాటనే కాగితంలో కొట్టేసినాడు. ఆ వారమే ఇద్దురు పడిరి. అప్పుడు మీ తాత నాకు గుర్తొచ్చినాడు. మిట్టమధ్యాన్నం మంద వేస్తాం గదా. ఎండకు గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంగోటి తల దూర్చి నిలబడ్తాయి. పైకి అన్నీ బాగుండాయనిపిస్తాది. మీ తాత ఒక్కోదాని తల బయటికి లాగి, చిగురు నొక్కి చూస్తుండె. ఎర్రగా తిరిగొస్తే సరే. తెల్లగానే ఉంటే దాన్ని ఆడ్నే నిలిపేస్తుండె."

"అదే వీళ్లకూ చేసినావు."

"జోడీని ఎదురెదురుగా కూచోబెడ్తా. వాని గోరు వీడు నొక్కి చూడాల. తర్వాత అడగాల: నీదే ఊరు? మీ యమ్మ పేరేం? మీ ఇంట్లో బర్రెలెన్ని? గొర్రెలెన్ని? వాడు నవ్వుతూ చెప్తే పంపిస్తాం. తడబడినా, ఊరకే కోపం చేసినా, ఆ పొద్దు వానికి నడక ల్యాదు. రిజిస్టర్లో ఏదో ఒకటి రాయాల గదా. ఆయుధ శుభ్రత అని రాస్తి. మేజర్ సాబ్ మెచ్చుకున్యాడు. తర్వాత సాబులు మారిరి. రాత మాత్రం అట్లే నిలబడింది."

"మరి తీసేసినప్పుడు యాల చెప్పలేదు నాయనా? ఒక్కమాట?"

"నువ్వు తూచినావు గదా పాపా." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. "లక్షల మందిని లోపల నడిపించి చూస్తాదని నువ్వే అంటివి. నేను చూసింది ఎంతమందిని? నా కూతురు తూచి ఇది ఉత్తదనింది, ఉత్తదే కాబోలు అనుకుంటి. గౌరీసు తడబడతా నడుస్తాంటే నా కంటికి కనబడె. అయినా నోరు లేయల్యా."

నేను నేల మీద కూలబడ్డాను. "తరాజు అట్ల చెప్పల్యా నాయనా. నేను తీసేసినా. నవ్వుతారని తీసేసినా."

గుండు మీద తొండ ఒకటి తల ఆడిస్తూ ఉంది.

"మరి అది ఎంత బరువనింది?"

"అన్నిటికంటే ఎక్కువని."

ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది. నేను చూశాను. మెచ్చుకోలు అందిన పిల్లవాడి మొహం. వెంటనే గౌరీసు గుర్తొచ్చి ఆ వెలుగు ఆరిపోయింది. టోపీ పెట్టుకోవడం మరిచి, చేత్తో పట్టుకునే కిందికి దిగిపోయాడు.

*

సంగతంతా బ్రిగేడియర్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"చూడమ్మా. ఆ వరసను మళ్లీ దాని చోట పెట్టెయ్. యంత్రం ముందే చెప్పింది, మనం పొరపాటున తీశాం, సరిదిద్దుకున్నాం అని రాస్తాను. పదకొండు కేంద్రాలకూ అమలు చేయిస్తాను. మీ నాన్నగారికి ఇంకా రెండు నెలలే కదా సర్వీసు. ఆ రిజిస్టర్లు ఎవరూ విప్పరు. బ్యాండు మేళంతో గేటు దాకా నేనే వస్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. దాచడం ఏముంది, ఆ నలభై నిమిషాలూ తిరిగొస్తున్నాయి కదా అనుకున్నాను. తలుపు దాకా పోయి ఆగాను.

"సార్, ఇక్కడ మా నాయన ఉన్నాడు. మిగతా పది చోట్లా ఆ టైములో ఏం చేయిస్తారు?"

"రాసిందే చేయిస్తారు."

"ఏం రాస్తున్నాం సార్?"

ఆయన కళ్లద్దాలు తీశాడు.

ఇలియాస్‌ను పిలిచి, రాసింది రాసినట్టే ఆ పది కేంద్రాల నీడల మీద వేయించాను. తెర మీద రెండు వేల నీడలు మిట్టమధ్యాహ్నం కాలే నేల మీద గొంతుక్కూర్చుని, కాలే ఇనుప గొట్టాలను గుడ్డలతో తోముతున్నాయి. అన్ని తలలూ కిందికే. ఎవడూ ఎవడి మొహమూ చూడడం లేదు. నల్లబడిన కొమ్మలు తగ్గడం మాట దేవుడెరుగు, ఇంకో నాలుగు పెరిగాయి.

"అబ్బా, మన అబద్ధాన్ని నమ్మి వీళ్లు నిజంగానే తుడుస్తాండారు మేడమ్" అన్నాడు ఇలియాస్. వాడు నవ్వలేదు.

బ్రిగేడియర్ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "అయితే పేరు మార్చి రాయాలి. పేరు మారిస్తే ఎందుకు మార్చారంటారు. ఎందుకంటే, రిజిస్టర్లు విప్పుతారు. పంతొమ్మిదేళ్ల తప్పుడు రాతమ్మా అది. నేను ఆపలేను" అన్నాడు. ఒక రోజు టైమిచ్చాడు.

ఆయన పోయాక ఇలియాస్ మెల్లగా అడిగాడు. "తరాజులోనే వేసి చూద్దామా మేడమ్? చెప్తే ఏమైతాది, చెప్పకపోతే ఏమైతాది?"

వేశాడు. రెండు కొమ్మలు మొలిచాయి. తరాజు తన అలవాటు ప్రకారం ముందు నన్నే అడిగింది: సుబేదార్ బీరప్ప గౌరవం పోవడం, ఈ ఫలితానికి మీరిచ్చే విలువ ఎంత? కింద ఖాళీ గడి. నాలుగొందల మంది ముందు ఇలాంటి గడి పెట్టి, తొందరగా చెప్పండి సార్, ఒక అంకె చాలు అన్నదాన్ని నేనే. గడిలో గీత మిణుకుమిణుకుమంటోంది. లేచి ప్లగ్గు పీకేశాను.

ఇంట్లో సంగతి విని అమ్మ ఇల్లు లేపింది. "ముప్పై రెండేండ్ల నౌకరీ! ఊర్లో మొగమెట్ల చూపాల? నీ తరాజును తీస్కపోయి బాయిలో ఎయ్యిమే! సచ్చిన పిల్లోడు ఎట్లా రాడు గదా!"

"వాడు రాడు. ఆ పది కేంద్రాల్లో ఇంగా రెండు వేల మంది ఉండారు" అన్నాడు నాయన. బట్టల పెట్టె లాగి, అందులోంచి తెల్లకాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టాడు. "రాయి పాపా. నీ రాత బాగుంటాది. నా పేరుతోనే రాయి."

"నేను తీసేసిన మాట కూడా రాస్తా."

"రాయల్ల మరి. తూకమంటే రెండు పక్కలా ఉండాల్నో వద్దో?"

రాశాను. కింద సంతకం చేసి, కాగితాన్ని వేళ్లతో ఒకసారి తడిమి మడిచాడు.

*

విచారణ పన్నెండు రోజులు నడిచింది. గౌరీసు తండ్రి కూడా వచ్చాడు. అంతా విని, చివరికి ఒక్కటే అడిగాడు. "ఆకర్న మావోడు ఏటన్నాడు బాబూ?" వాళ్లక్క పిలుస్తోందన్నాడని చెన్నకేశవులు చెబితే, ఆ పెద్దాయన తలూపి, "ఆలక్కే పెంచింది" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాయన వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

నాయనను హవల్దారుకు దించి, సర్వీసు ముగియక ముందే ఇంటికి పంపేశారు. పింఛను సంగతి తర్వాత తేలుస్తామన్నారు. నన్ను గట్టిగా మందలించి వదిలేశారు. తరాజు నాకు తప్ప ఎవరికీ లొంగదు కదా. పదకొండు కేంద్రాల దినచర్యలో పదకొండూ ఇరవై నుంచి పన్నెండు దాకా 'జోడీ పరీక్ష' అని చేరింది. ఊరు, తల్లిపేరు, ఇంట్లో పశువులెన్ని అన్న మూడు ప్రశ్నలూ అచ్చులో వచ్చాయి. ఎవరు కనిపెట్టారో అచ్చులో లేదు.

ఆయన వెళ్లే రోజున బ్యాండు లేదు. బ్రిగేడియర్ గారు మాత్రం గేటు దాకా నడిచి వచ్చి, సెల్యూట్ కొట్టి తిరిగిపోయాడు. అమ్మ ముందురోజే ఊరికి వెళ్లిపోయింది. నేనూ నాయనా రోడ్డు మీద బస్సు షెల్టరు కింద పెట్టె పెట్టుకుని నిలబడ్డాం. నేను ఆగకుండా మాట్లాడుతున్నాను. అప్పీలు చేద్దాం నాయనా, హైదరాబాదులో వకీలున్నాడు, ఆ మూడు ప్రశ్నలకు నాలుగోది కలిపితే బరువు ఇంకా పెరుగుతుందేమో చూడాలి, బస్సు ఇంకా రాలేదే, ఫోన్ చేస్తానుండు. నాలుగు రోజులుగా సరిగా తిన్నది లేదు. మోగని ఫోను మోగుతోందనుకుని రెండుసార్లు చెవికి పెట్టుకున్నాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలి గోరు నొక్కి వదిలి, దాన్నే చూస్తూ ఉన్నాడు.

"నీదే ఊరు?" అన్నాడు.

నవ్వబోయాను.

"మీ యమ్మ పేరేం? మీ ఇంట్లో గొర్రెలెన్ని?"

చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు.

దూరంగా బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. నాయన చెయ్యెత్తి, పొమ్మన్నట్టు ఆడించాడు. అది ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన పెట్టెను నీడలోకి జరిపి, దాని మీద తన తువ్వాలు పరిచాడు.

"కూచో. ఇంగో బస్సు పన్నెండుకు."

షెల్టరు గడియారంలో పదకొండూ ఇరవై అయింది.